‘అడవిలో’ ఉండటం అంటే ఏమిటి? అటవీ హక్కుల చట్టంలో ‘ఇన్’ విభక్త్యర్థం: దుమ్ముగూడెం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లంలోని ‘ఇన్’ అనే ప్రిపొజిషన్‌కు తెలుగులో ‘లో’ అని ఒకే సమానార్థకం చెప్పడం మన పాఠశాలల్లోనూ అనువాదాల్లోనూ స్థిరపడిన అలవాటు. ఈ సమీకరణం చాలాచోట్ల పనిచేస్తుంది. పనిచేయని చోట కలిగే నష్టం భాషకే పరిమితం కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ‘అటవీ నివాసి’ని నిర్వచించిన వాక్యంలో ‘ఇన్’ ఉంది. ఆ చిన్నపదాన్ని ఎలా గ్రహిస్తామన్నదాన్ని బట్టి ఒక కుటుంబం హక్కుదారు అవుతుందో కాదో తేలే పరిస్థితి ఏర్పడింది. దుమ్ముగూడెం వంటి ఏజెన్సీ మండలాన్ని నేపథ్యంగా తీసుకొని, సంప్రదాయ వ్యాకరణంలోని అధికరణ భేదాలు, నిర్ధారణ షష్ఠి అనే భావనల సాయంతో ఈ ‘ఇన్’ అర్థాన్ని విశ్లేషించడం, తెలుగు అనువాదంలో పాటించవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రిపొజిషన్, విభక్తి, అధికరణం, నిర్ధారణ షష్ఠి, లక్షణ, అటవీ హక్కులు, చట్టానువాదం, దుమ్ముగూడెం.

1. ఉపోద్ఘాతం

భద్రాచలం నుండి దుమ్ముగూడెం వెళ్లే దారిలో కొంతమేర ఆంధ్రప్రదేశ్ వస్తుంది. 2014లో పోలవరం ముంపు ప్రాంతాలను బదిలీ చేసినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచి, దానిని ఆనుకొని ఉన్న గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడం ఇందుకు కారణం. బస్సులో కూర్చున్న మనిషి ఎక్కడ తెలంగాణలో ఉన్నాడో, ఎక్కడ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాడో పటం చూసి కచ్చితంగా చెప్పవచ్చు. అదే మనిషి ఎక్కడ ‘అడవిలో’ ఉన్నాడో చెప్పమంటే పటం ఒకటి చెబుతుంది, కంటికి మరొకటి కనబడుతుంది, అక్కడ పుట్టి పెరిగినవారు ఇంకొకటి చెబుతారు. ‘తెలంగాణలో’, ‘అడవిలో’ అనే రెండు పదాల్లోనూ ఉన్నది ఒకే ‘లో’. అయినా మొదటిది ఒక గీతకు ఇవతలి వైపును చెబుతుంది. రెండవది మనిషికీ అడవికీ గల సంబంధాన్ని చెబుతుంది.

ఈ తేడా వ్యాకరణ చర్చకు మాత్రమే సంబంధించినదైతే దీనిపై ప్రత్యేకంగా వ్యాసం అవసరం లేదు. దుమ్ముగూడెం ప్రాంతానికి శతాబ్దంన్నరగా ఆంగ్ల వాక్యాలు వస్తూనే ఉన్నాయి. 19వ శతాబ్దిలో గోదావరి నౌకాయానం కోసం ఇక్కడ ఆనకట్ట పనులు జరిగాయి. ఇంజనీర్ల వెనుక మిషనరీలు వచ్చారు. ఇక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయలను గురించి రాసిన వ్యాసం 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు చేరాయి. అదే సంవత్సరం షెడ్యూల్డు జిల్లాల చట్టం, ఆ తర్వాత 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం, 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం, రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు, 1959 నాటి భూబదలాయింపు నిబంధన, చివరకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చాయి. ఇవన్నీ ఆంగ్లంలో రాయబడి, తెలుగులో చదవబడి, చాలా ఇళ్లలో కోయభాషలో అర్థం చేసుకోబడ్డాయి. ఈ ప్రయాణంలో నామవాచకాలకు, క్రియలకు దక్కిన శ్రద్ధ ప్రిపొజిషన్లకు దక్కలేదు. ప్రస్తుత వ్యాసం ఆ లోటును ఒక్క ‘ఇన్’ విషయంలో పరిశీలిస్తుంది.

2. ‘ఇన్’ అంటే ‘లో’ అనే సమీకరణం

పాఠశాలలో ఆంగ్ల ప్రిపొజిషన్లను నేర్పేటప్పుడు ఒక పెట్టె, ఒక బంతి బొమ్మ గీస్తారు. బంతి పెట్టె లోపల ఉంటే ‘ఇన్’, పైన ఉంటే ‘ఆన్’, కింద ఉంటే ‘అండర్’. వీటికి ఎదురుగా లో, మీద, కింద అని తెలుగు మాటలు. ప్రారంభదశలో ఇది అవసరమే. ఇబ్బంది ఏమిటంటే, పెట్టె బొమ్మ విద్యార్థి మనస్సులో ‘ఇన్’కు నిర్వచనంగా స్థిరపడిపోతుంది. ఒక వస్తువును అన్నివైపుల నుండి మరొక వస్తువు కప్పి ఉంచితేనే ‘ఇన్’ అన్న భావన పాతుకుపోతుంది.

వాడుక ఈ భావనను సమర్థించదు. గంపలో మామిడిపండ్లు రాశిగా పోసినప్పుడు, గంప అంచుకు పైన ఉన్న పండు కూడా ‘గంపలో’ పండే. ఆ పండును గంప గోడలు కప్పడం లేదు. గంపను ఎత్తితే పండు దానితోపాటు కదులుతుంది. గంప ఆ పండును నిలిపి ఉంచుతోంది. అదే ‘లో’కు కారణం. అనెట్ హెర్స్‌కోవిట్స్ 1986లో ప్రచురించిన గ్రంథంలో స్థలవాచక ప్రిపొజిషన్లకు ఒక ఆదర్శార్థం ఉంటుందనీ, వాడుకలు దాని నుండి వివిధ దిశల్లో పక్కకు జరుగుతాయనీ ప్రతిపాదించింది. ఆండ్రియా టైలర్, వివ్యన్ ఇవాన్స్ 2003లో ఆంగ్ల ప్రిపొజిషన్లపై వెలువరించిన గ్రంథంలో ప్రతి ప్రిపొజిషన్‌కూ స్థలసంబంధంతో పాటు ఒక ప్రయోజనాంశం ఉంటుందని చూపారు. ‘ఇన్’ విషయంలో ఆ ప్రయోజనాంశం ఆవరించడం, నిలిపి ఉంచడం, ఆశ్రయమివ్వడం.

భాషలన్నీ ఈ సంబంధాన్ని ఒకే తీరుగా విభజించవు. సూన్‌జా చోయ్, మెలిస్సా బోవర్‌మన్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో కొరియన్ పిల్లలు లోపల, పైన అన్న తేడా కంటే బిగుతుగా అమరడం, వదులుగా ఉండటం అన్న తేడాను చిన్న వయస్సులోనే తమ భాషను బట్టి నేర్చుకుంటున్నారని చూపారు. తెలుగుకూ ఆంగ్లానికీ మధ్య కూడా ఇటువంటి తేడాలు కోకొల్లలు. ఆంగ్లంలో పిట్ట చెట్టు‘లో’ ఉంటుంది, తెలుగులో చెట్టు‘మీద’ వాలుతుంది. ఆంగ్లంలో పగులు గోడ‘లో’ ఉంటుంది, తెలుగులో గోడ‘కు’ పగులు పడుతుంది. ఆంగ్లంలో సిరా‘లో’ రాస్తారు, తెలుగులో సిరా‘తో’ రాస్తాం. ఆంగ్లంలో దేవుని‘లో’ విశ్వాసముంచుతారు, తెలుగులో దేవు‘ణ్ణి’ నమ్ముతాం. ఉదయ‘ాన’ లేస్తాం, ఎండ‘లో’ తిరుగుతాం, మూడు రోజు‘ల్లో’ వస్తామంటాం. ఒక్క ‘ఇన్’కు ఎదురుగా లో, మీద, కు, తో, ని, న అనే ఆరు రూపాలు ఇక్కడ నిలిచాయి. కనుక ‘ఇన్’ కనబడినప్పుడల్లా ‘లో’ రాయడం అనువాదం అనిపించుకోదు.

3. సంప్రదాయ వ్యాకరణం ఇచ్చే సాధనాలు

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) అనుసరించి మనం చదువుకున్న విభక్తి పట్టికలో ఒక విశేషం ఉంది. ‘లోన్’, ‘లోపలన్’ అనేవి సప్తమిలో లేవు. కిన్, కున్, యొక్క అనే వాటితో కలిసి షష్ఠిలో ఉన్నాయి. సప్తమిలో ఉన్నవి అందున్, నన్ మాత్రమే. నేటి విద్యార్థికి ఇది వింతగా తోస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం వంటి గ్రంథాలు ‘లో’ను స్థలవాచకంగానే వివరిస్తాయి. వ్యవహారం కూడా ఆ పక్షానే ఉంది. అయినా సూరి పట్టికను పొరపాటుగా తోసిపుచ్చడం సరికాదు. ‘వారిలో ఒకడు’, ‘పదిమందిలో ఇద్దరు’ అన్నప్పుడు ‘లో’ స్థలాన్ని చెప్పడం లేదు. ఒక సముదాయం నుండి కొంత భాగాన్ని వేరుచేసి చూపుతోంది. ఇది నిర్ధారణ షష్ఠి. ‘లో’కు సముదాయం-అవయవం అనే సంబంధాన్ని తెలిపే శక్తి ఉన్నదని సంప్రదాయం గుర్తించింది. ఈ అంశం ముందు చర్చకు అవసరమవుతుంది.

ఇక సప్తమి విషయం. క్రియకు ఆధారమైనది అధికరణమని పాణిని నిర్వచనం. తరువాతి వైయాకరణులు ఈ ఆధారాన్ని మూడు విధాలుగా విభజించారు. చాపమీద కూర్చున్నప్పుడు చాపకూ మనిషికీ ఉన్నది సంశ్లేష సంబంధం, కనుక అది ఔపశ్లేషికం. మోక్షంలో కోరిక అన్నప్పుడు మోక్షం కోరికకు విషయం, కనుక అది వైషయికం. నువ్వుల్లో నూనె అన్నప్పుడు నూనె నువ్వుగింజ అంతటా వ్యాపించి ఉంది, కనుక అది అభివ్యాపకం. కొందరు సామీప్యాన్ని నాలుగవదిగా చేర్చారు. ‘గంగలో గొల్లపల్లె’ అనే ప్రసిద్ధోదాహరణం దీనికి సంబంధించినదే. నీటి ప్రవాహంలో పల్లె ఉండటం అసంభవం గనుక గంగ అనే శబ్దానికి గంగాతీరమని లక్షణతో అర్థం చెప్పాలని ఆలంకారికుల నిర్ణయం. గంగ అనే శబ్దాన్నే ప్రయోగించడం వల్ల శైత్యం, పావనత్వం వ్యంగ్యమవుతాయని కూడా వారు చెప్పారు. తీరాన ఉన్న పల్లెకు గంగతో ఉన్న సంబంధం దూరాన్ని కొలిస్తే తెలిసేది కాదని దీని సారాంశం.

ఈ సాధనాలు వెయ్యేళ్లకు పైబడినవి. వీటిని నేటి చట్టానికి అన్వయించడంలో ఒక జాగ్రత్త అవసరం. వ్యాకరణంలో ‘ఆధారం’ అంటే కర్తకుగాని కర్మకుగాని ఆశ్రయమైన స్థానం. చట్టం చెప్పే ‘ఆధారపడటం’ జీవనానికి సంబంధించినది. శబ్దసామ్యాన్ని బట్టి ఈ రెండింటినీ ఒకటి చేయకూడదు. అయితే ‘లో’ అనగానే నాలుగు గోడల మధ్య అనే అర్థం ఒక్కటే లేదనీ, సంశ్లేషం, విషయం, వ్యాప్తి, సామీప్యం అనే భేదాలను సందర్భమే నిర్ణయిస్తుందనీ సంప్రదాయం మనకు నేర్పింది. ఈ పాఠం మన చేతిలో ఉండగా పెట్టె-బంతి బొమ్మతో సరిపెట్టుకోవలసిన అవసరం లేదు.

4. ఒకే పదం, మూడు చట్ట సందర్భాలు

దుమ్ముగూడెం షెడ్యూల్డు ప్రాంతంలో ఉంది. ఇక్కడి భూమికి, అడవికి వర్తించే ఆంగ్ల శాసనాల్లో ‘ఇన్’ మూడు వేర్వేరు అర్థాల్లో కనబడుతుంది.

మొదటిది 1959 నాటి భూబదలాయింపు నిబంధన. 1970లో దీనిని సవరించారు. ఏజెన్సీ ప్రాంతాల‘లో’ ఉన్న స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదని దీని సారాంశం. ఇక్కడ ‘ఇన్’ ఏం చేస్తోంది? ఏజెన్సీ అనేది ప్రభుత్వం గ్రామాలవారీగా ప్రకటించిన ప్రాంతం. ఒక సర్వే నంబరు ఆ ప్రాంతానికి చెందినదా కాదా అన్నదే ప్రశ్న. భూమి ఏజెన్సీ అనే పాత్రలో ఉంచిన వస్తువు కాదు, ఏజెన్సీలోని ఒక భాగం. కనుక ఇది సూరి షష్ఠిలో చేర్చిన ‘లో’కు దగ్గరగా ఉంది. ఏజెన్సీ భూముల్లో ఇది ఒకటి అన్నది దాని తాత్పర్యం. ఇటువంటి ‘ఇన్’కు గీత స్పష్టంగా ఉండాలి, ఉంటుంది. 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనలోని ‘వ్యక్తి’ అనే పదంలో ప్రభుత్వమూ చేరుతుందని చెప్పినప్పుడు వివాదం నామవాచకంపై జరిగింది. ‘ఇన్’పై సందేహం లేదు.

రెండవది అటవీ హక్కుల చట్టంలోని మూడవ సెక్షన్. నివాసానికిగాని, జీవనోపాధి కోసం స్వయంగా సాగు చేసుకోవడానికిగాని తమ ఆక్రమణలో ఉన్న అటవీభూమిని కలిగి ఉండి, దాని‘లో’ నివసించే హక్కును ఈ సెక్షన్ గుర్తిస్తుంది. ఇక్కడ ‘ఇన్’ పక్కన ఉన్న నామం ‘అడవి’ కాదు, ‘అటవీభూమి’. చట్టమే దీనిని విడిగా నిర్వచించింది. రిజర్వు అడవులు, రక్షిత అడవులు, వర్గీకరించని అడవులు, అభయారణ్యాలు, జాతీయోద్యానాలు అన్నీ ఇందులో చేరతాయి. వాస్తవంగా ఆక్రమణలో ఉన్న విస్తీర్ణానికే, అదీ నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కును పరిమితం చేసింది. మనిషికీ నేలకూ మధ్య ప్రత్యక్ష స్పర్శ ఇక్కడ అవసరం. వ్యాకరణ పరిభాషలో ఇది ఔపశ్లేషికం.

మూడవది అదే చట్టంలోని రెండవ సెక్షన్‌లో ఉన్న నిర్వచనం. ప్రధానంగా అడవుల‘లో’గాని అటవీభూముల‘లో’గాని నివసిస్తూ, నిజమైన జీవనావసరాలకు వాటిపై ఆధారపడే షెడ్యూల్డు తెగల సభ్యులు లేదా సముదాయాలు ‘అటవీ నివాస షెడ్యూల్డు తెగలు’. ఇతర సంప్రదాయ అటవీ నివాసుల నిర్వచనంలోనూ ఇదే పదబంధం ఉంది. దానికి తోడు 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాల నివాసం, అంటే 75 సంవత్సరాలు, అదనపు నియమం. ఎవరు హక్కు కోరవచ్చునన్నది ఈ వాక్యం తేలుస్తుంది. ఇక్కడి ‘ఇన్’ను స్పర్శార్థంలో గ్రహిస్తే ఏమవుతుంది?

రిజర్వు అడవుల సరిహద్దులు నిర్ణయించే ప్రక్రియలో నివాస ప్రాంతాలను, పట్టా భూములను సాధారణంగా గీతకు వెలుపల ఉంచుతారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కాలం నుండి ఈ పద్ధతి ఉంది. ఫలితంగా నాలుగు వైపులా అడవి ఉన్న గూడెం కూడా పటం ప్రకారం అడవికి బయట ఉన్నట్టు లెక్క. ఇల్లు రెవెన్యూ భూమిలో, పోడుచేను రిజర్వు గీతకు లోపల, ఇప్పపువ్వు, తునికాకు ఏరుకునే చోటు ఇంకా లోపల. ఈ కుటుంబం రాత్రి నిద్రించే చోటును కొలిస్తే ‘అడవిలో’ లేదు. దాని జీవనాన్ని చూస్తే అడవిని విడిచి లేదు. పెట్టె-బంతి బొమ్మను అనుసరించే అధికారి ఈ కుటుంబపు దరఖాస్తును నిర్వచనం దగ్గరే ఆపగలడు. గ్రామసభ, ఉపవిభాగ స్థాయి కమిటీ, జిల్లా స్థాయి కమిటీ అనే మూడు అంచెల్లో ఏదో ఒకచోట ఈ ప్రశ్న తలెత్తే అవకాశం ఉంది.

ఈ ప్రమాదాన్ని కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ త్వరగానే గుర్తించింది. చట్టం 2007 డిసెంబరు 31న అమలులోకి రాగా, 2008 జూన్ 9న ఈ పదబంధంపై వివరణ జారీ చేసింది. అడవి లోపల నివాసం లేకపోయినా, నిజమైన జీవనావసరాలకు అడవిపై ఆధారపడేవారు నిర్వచనం పరిధిలోకి వస్తారన్నది దాని సారం. ఇల్లు అడవికి బయట ఉన్నా అటవీభూమిలో సాగు చేసుకునేవారికీ ఇది వర్తిస్తుంది. ఒక ప్రిపొజిషన్ అర్థాన్ని స్పష్టం చేయడానికి ఒక మంత్రిత్వ శాఖ ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. గంగలో గొల్లపల్లెకు ఆలంకారికులు చెప్పిన పరిష్కారం వంటిదే ఈ వివరణ. అయితే ఒక తేడా ఉంది. గంగ విషయంలో ముఖ్యార్థం అసంభవం. అడవి విషయంలో ముఖ్యార్థం సంభవమే, కొందరు నిజంగానే గీత లోపల నివసిస్తారు. ముఖ్యార్థం ఒక్కదానినే పట్టుకుంటే చట్టప్రయోజనం దెబ్బతింటుంది. అన్వయం కుదిరినా తాత్పర్యం కుదరనప్పుడు కూడా లక్షణను ఆశ్రయించాలని శాస్త్రంలో ఒక పక్షం ఉంది. ఇక్కడ వర్తించేది ఆ పక్షమే.

కనుక ఒకే చట్టంలో, ఒక సెక్షన్ దూరంలో, ‘ఇన్’ రెండు అధికరణాలను చెబుతోంది. హక్కుదారు ఎవరు అన్నప్పుడు సామీప్య, విషయ సంబంధాలనూ కలుపుకొంటుంది. హక్కు ఏ నేలపై అన్నప్పుడు సంశ్లేషాన్ని కోరుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా చదవడమే వివాదాలకు మూలం. మొదటిదానికి రెండవదాని కొలత పెడితే అర్హుడు అనర్హుడవుతాడు. రెండవదానికి మొదటిదాని వెసులుబాటు ఇస్తే పరిమితి చెరిగిపోతుంది.

5. తెలుగు అనువాదంలో ఎదురయ్యే సమస్యలు

ఈ నిర్వచనాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు రెండు సమస్యలు ఎదురవుతాయి. మొదటిది వాక్యనిర్మాణానికి సంబంధించినది. ఆంగ్ల వాక్యంలో ‘ఇన్’, ‘ఆన్’ అనే రెండు ప్రిపొజిషన్లు ఒకే నామాన్ని పంచుకుంటాయి. నివసించడం, ఆధారపడటం అనే రెండు క్రియలూ చివర వచ్చే ‘అడవులు లేదా అటవీభూములు’ అనే పదబంధం మీదనే వాలతాయి. చదివేవారికి ఆ రెండూ ఒకే సంబంధానికి రెండు ముఖాలుగా తోస్తాయి. తెలుగులో విభక్తి నామానికి తర్వాత వస్తుంది. కనుక ‘అడవిలో నివసిస్తూ, అడవిపై ఆధారపడే’ అని నామాన్ని రెండుసార్లు చెప్పవలసి వస్తుంది, లేదా రెండవచోట ‘దానిపై’ అనాలి. నామం విడిపోగానే నియమాలూ విడిపోయినట్టు కనబడతాయి. ఒకదాని తర్వాత ఒకటి తనిఖీ చేయవలసిన రెండు గడులుగా మారతాయి. మొదటి గడి నిండకపోతే రెండవ గడిదాకా వెళ్లనవసరం లేదన్న భావన కలుగుతుంది.

రెండవ సమస్య ‘లో’ వ్యాప్తికి సంబంధించినది. తెలుగులో ‘లో’ పరిధిని చాలావరకు దాని ముందున్న నామమే నిర్ణయిస్తుంది. ‘మీ అబ్బాయి ఊళ్లో ఉన్నాడా?’ అని అడిగితే, అతడు పొలం వెళ్లి ఉన్నా ‘ఉన్నాడు’ అనే సమాధానం వస్తుంది. ‘ఊరు’ ఇక్కడ ఇళ్ల గుంపు కాదు. పొలాలు, చెరువు, శ్మశానం, ఊరిబయలు అన్నీ కలిసిన ఆవరణ. ‘చేను ఊళ్లో లేదు, ఊరి బయట ఉంది’ అన్నప్పుడు అదే ‘ఊరు’ ఇళ్ల గుంపుకు కుదించుకుపోతుంది. ‘లో’ మారలేదు, ఊరు మారింది. అడవి విషయమూ అంతే. అటవీశాఖ పటానికి అడవి అంటే గీత లోపలి నేల. గూడెం మనిషికి అడవి అంటే తన ఇల్లు, చేను, వాగు, గుట్ట, వేల్పుల చోటు అన్నింటినీ కలుపుకొన్న ఆవరణ. ఇద్దరూ ‘అడవిలో’ అనే పదాన్నే వాడతారు. ఇద్దరి వాక్యాలూ వ్యాకరణ సమ్మతమే.

దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలను స్థానిక సంప్రదాయం సీతారాముల వనవాస స్థలంగా భావిస్తుంది. ‘వనవాసం’ అనే సమాసాన్ని మనమెవరమూ గీతతో కొలవము. గోదావరి ఒడ్డున చెట్లు నరికి చదును చేసుకున్న చోట కుటీరం కట్టుకున్నా అది వనవాసమే. సమాసంలో విభక్తి లోపించడం వల్ల ఈ వెసులుబాటు కలిగింది. అటవీ హక్కుల చట్టం పేరులో ఉన్నదీ ఇటువంటి సమాసమే, ‘అటవీ నివాస’ అన్నది. నిర్వచనం ఆ సమాసానికి విగ్రహవాక్యం చెప్పబోయి ‘ఇన్’ను బయటకు తెచ్చింది. సమాసంలో దాగి ఉన్న సంబంధం విగ్రహంలో సంకుచితమైంది. వ్యాకరణ విద్యార్థులకు ఈ అనుభవం కొత్తది కాదు.

అనువాదకుని ముందు ఉన్న మార్గాలను పరిశీలిద్దాం. ‘అడవిలో నివసించే’ అనేది మాటకు మాట సరిపోతుంది, కాని పైన చెప్పిన సంకోచానికి దారి తీస్తుంది. ‘అడవియందు నివసించే’ అంటే సప్తమి స్పష్టమవుతుంది, కాని నేటి పాఠకునికి అది గ్రాంథికమైన ‘లో’ మాత్రమే. ‘అడవిని ఆశ్రయించి జీవించే’ అనేది తాత్పర్యాన్ని చక్కగా చెబుతుంది. అయితే నివాసం, ఆధారం అనే రెండు నియమాలను కలిపేసి ఒకటి చేస్తుంది. చట్టం రెండింటినీ చెప్పింది గనుక అనువాదకునికి ఆ స్వేచ్ఛ లేదు. ‘అటవీ ప్రాంతంలో నివసించే’ అన్నది నాలుగవ మార్గం. పత్రికల్లో, వాడుకలో ఇది స్థిరపడిన పదబంధం. ఇందులో ‘లో’ అలాగే ఉంటుంది, దాని ముందున్న నామం విస్తరిస్తుంది. ‘లో’ పరిధిని నామమే నిర్ణయిస్తుందన్న తెలుగు స్వభావానికి ఇది అనుగుణంగా ఉంది.

కనుక నిర్వచనంలో ‘ప్రధానంగా అటవీ ప్రాంతంలో నివసిస్తూ, నిజమైన జీవనావసరాలకు అడవిపైగాని అటవీభూమిపైగాని ఆధారపడే’ అనీ, మూడవ సెక్షన్‌లో ‘ఆక్రమణలో ఉన్న అటవీభూమిలో నివసించే’ అనీ రాయడం ఉచితమని నా ప్రతిపాదన. ఆంగ్లంలో ఒకే ‘ఇన్’ దాచిన తేడాను తెలుగు ‘అటవీ ప్రాంతం’, ‘అటవీభూమి’ అనే రెండు నామాలతో బయటపెడుతుంది. ‘అటవీ ప్రాంతం’ చట్టంలో నిర్వచించిన పదం కాదు గనుక, దానితోపాటు 2008 నాటి వివరణను కూడా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. కోయభాషలో మాట్లాడే చోట ఆ వివరణను కోయలోనే చెప్పాలి.

6. ఒక ఆక్షేపం

ఇంత విస్తృతమైన అర్థం చెబితే ‘ఇన్’కు అర్థమే లేకుండా పోతుందనీ, అడవి అంచున ఉన్న ఏ పట్టణవాసి అయినా అటవీ నివాసి కావచ్చుననీ ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపం తేలికగా తీసిపారేయదగినది కాదు. అడవిని కాపాడాలన్న చింత దీని వెనుక ఉంది.

సమాధానం వాక్యంలోనే ఉంది. పరిమితిని విధించే పనిని చట్టం ‘ఇన్’ ఒక్కదాని మీదనే పెట్టలేదు. ‘ప్రధానంగా’ అనే క్రియావిశేషణం ఉంది. ‘నిజమైన జీవనావసరాలు’ అనే విశేషణం వ్యాపారప్రయోజనాన్ని తోసిపుచ్చుతుంది. 2005 డిసెంబరు 13 అనే తేదీ ఉంది. వాస్తవ ఆక్రమణ, నాలుగు హెక్టార్లు అనే హద్దులు ఉన్నాయి. గిరిజనేతరులకు మూడు తరాల నియమం ఉంది. ఇన్ని కట్టుబాట్లు ఉండగా ‘ఇన్’ను కూడా కంచెగా మార్చనవసరం లేదు. మరొక విషయం గమనించదగినది. చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించే హక్కును చెప్పేటప్పుడు గ్రామ సరిహద్దుల లోపలా వెలుపలా అనడానికి చట్టం ‘ఇన్’ను కాక ‘విథిన్’ను వాడింది. సరిహద్దు గీత ముఖ్యమైనచోట గీతను చెప్పే పదం రచయితలకు అందుబాటులోనే ఉంది. ఈ ఒక్క ఆధారంతో నిర్ణయం చేయలేము. మూడవ సెక్షన్‌లో సంశ్లేషార్థంలోనూ ‘ఇన్’నే వాడారని ముందే చూశాం. అయినా నిర్వచనంలోని ‘ఇన్’ను ‘విథిన్’తో సమానంగా చదవాలనేవారే అందుకు కారణం చూపవలసి ఉంటుంది.

ఈ విశ్లేషణకు ఉన్న హద్దునూ చెప్పాలి. చట్టానికి అర్థం చెప్పే అధికారం న్యాయస్థానాలది. వ్యాకరణం తీర్పు చెప్పదు. ఒక పదానికి ఎన్ని అర్థాలు సంభవమో చూపి, ఒకే అర్థం ఉన్నదన్న భ్రమను తొలగించడం వరకే దాని పని.

7. ముగింపు

‘ఇన్’ అనేది నేర్చుకోవడానికి తేలికైన పదమనీ, దానిపై పరిశోధించవలసినది లేదనీ మన తెలుగు శాఖల్లో ఒక భావన ఉంది. విభక్తి పట్టికను కంఠస్థం చేయించి పరీక్షలో ఒక ప్రశ్నగా అడగడంతో మన బాధ్యత తీరిపోతోంది. సూరి ‘లో’ను షష్ఠిలో ఎందుకు చేర్చాడో, అధికరణాన్ని పూర్వులు ఎందుకు విభజించారో విద్యార్థికి చెప్పడానికి భూబదలాయింపు నిబంధన, అటవీ హక్కుల చట్టం కంటే మంచి ఉదాహరణలు దొరకవు. ఏజెన్సీ కళాశాలల్లో చదివే విద్యార్థులకు ఇవి తమ ఇంటి కాగితాలు. చాపమీద దేవదత్తుణ్ణి కూర్చోబెట్టిన ఉదాహరణతో పాటు, రెవెన్యూ భూమిలో ఇల్లు, రిజర్వు గీత లోపల చేను ఉన్న కుటుంబాన్ని కూడా తరగతిగదిలో ఉదాహరించవచ్చు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ‘ఇన్’కు ‘లో’ సమానార్థకాల్లో ఒకటి మాత్రమే, పరిధిని పక్కనున్న నామమూ వాక్యప్రయోజనమూ నిర్ణయిస్తాయి. దుమ్ముగూడెం ప్రాంతానికి వర్తించే శాసనాల్లో ఒకే ‘ఇన్’ నిర్ధారణను, సంశ్లేషాన్ని, సామీప్య విషయాలను వేర్వేరుగా చెబుతోంది. తెలుగు అనువాదం నామాన్ని సరిగా ఎంచుకోవడం ద్వారా ఈ తేడాను ఆంగ్ల మూలం కంటే స్పష్టంగా చూపగలదు. గ్రామసభలకు అందే తెలుగు దరఖాస్తు పత్రాలను, కరపత్రాలను, శిక్షణ పుస్తకాలను సేకరించి వాటిలోని విభక్తి ప్రయోగాలను పరిశీలించడం తరువాత చేయవలసిన పని. ఆ పని తెలుగు పరిశోధకులు చేయవలసినదే. ‘అడవిలో’ అనే నాలుగక్షరాలను ఎలా చదువుతారన్నదానిపై ఒక కుటుంబపు చేను నిలుస్తుందా లేదా అన్నది ఆధారపడి ఉన్నప్పుడు, విభక్తి పాఠం వ్యాకరణ గ్రంథంలోనే ఆగిపోకూడదు.